తెర మీద బొమ్మకి భుజం నొప్పి రాదు కదా! లైన్ ఎర్గోనామిక్స్‌కి (పనిని మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చడానికి) హ్యూమన్ సిమ్యులేషన్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

తడ_ఇంజనీర్ · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. శ్రీసిటీ వైపు కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ఇంజనీరింగ్ చూస్తుంటాను. డోర్ అసెంబ్లీకి రెండో లైన్ వేస్తున్నారు. పాత లైన్‌లో ఒక స్టేషన్ మాకు పెద్ద తలనొప్పి. డోర్ హ్యాంగర్‌కి వేలాడుతూ వస్తుంది, ఆపరేటర్ దానికి ఆరు క్లిప్పులు నొక్కి, వైరింగ్ గ్రోమెట్ (వైర్లు వెళ్ళే రంధ్రంలో పెట్టే రబ్బరు ముక్క) దూర్చాలి. పై వరస క్లిప్పులు నేల నుంచి 150 సెం.మీ. ఎత్తులో ఉంటాయి. టాక్ట్ టైమ్ (ఒక్కో డోర్‌కి దొరికే సమయం) 55 సెకన్లు. అక్కడ చేసేవాళ్ళంతా ఆడపిల్లలే. భుజం నొప్పి అని స్టేషన్ మార్చమంటూనే ఉంటారు.

కొత్త లైన్‌కి లేఅవుట్ ఇచ్చిన వెండర్ మొన్న సిమ్యులేషన్ డెమో చూపించాడు. తెర మీద మనిషి బొమ్మ వచ్చి క్లిప్పులు నొక్కింది, రూలా స్కోరు (పని భంగిమ ఒంటికి ఎంత ఇబ్బందో 1 నుంచి 7 దాకా చెప్పే లెక్క) 3 వచ్చింది, ఒళ్ళంతా ఆకుపచ్చ. మేనేజర్ గారు సంతోషించారు. ఇక్కడ నా అనుమానం ఏంటంటే, కొత్త స్టేషన్ ఎత్తులూ పాత స్టేషన్ ఎత్తులూ ఒకటే. అక్కడ నొప్పులు వస్తుంటే ఇక్కడ ఆకుపచ్చ ఎలా వచ్చింది? ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

---

జాక్_అండ్_జిల్ · సోమవారం రాత్రి 10:15

నేను పుణెలో ఇదే పని చేస్తాను. ముందు ఒక్క ప్రశ్న: ఆ బొమ్మ ఎత్తు ఎంత?

---

తడ_ఇంజనీర్ · సోమవారం రాత్రి 10:22

అడగలేదండీ. మగ బొమ్మ. బాగా పొడుగ్గానే ఉంది.

---

జాక్_అండ్_జిల్ · సోమవారం రాత్రి 11:05

అయితే సగం సంగతి అక్కడే ఉంది. ఈ సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో తెరవగానే వచ్చే శరీరం అమెరికా సైన్యం కొలతల నుంచి వచ్చింది. 1988లో వాళ్ళు చేసిన ఆన్సర్ అనే సర్వేలో మగవాళ్ళ సగటు ఎత్తు 175 సెం.మీ. పైచిలుకు, ఆడవాళ్ళది 163కి అటూ ఇటూ. మన దేశంలో ఆడవాళ్ళ సగటు 152 దగ్గర ఉంటుంది.

భుజం ఎత్తు మొత్తం ఎత్తులో దాదాపు 82 శాతం అనుకుని లెక్క వేయండి. 175 మనిషికి భుజం 143 దగ్గర వస్తుంది. మీ క్లిప్పు అతనికి భుజం కన్నా కాస్త పైన, మోచెయ్యి వంచి నొక్కేస్తాడు. 150 ఉన్న అమ్మాయికి భుజం 123. క్లిప్పు 27 సెం.మీ. పైన. చెయ్యి చాచి, భుజం ఎగరేసి, తల పైకెత్తి నొక్కాలి.

ఇక రెండో సగం. రూలాలో పోశ్చర్‌తో (ఒళ్ళు ఉన్న భంగిమతో) పాటు ఇంకో రెండు గడులుంటాయి: కండరాల వాడకం, బలం. పోశ్చర్‌ని సాఫ్ట్‌వేర్ కొలుస్తుంది గానీ ఈ రెండింటినీ మనిషే నింపాలి. అదే పని నిమిషానికి నాలుగుసార్ల కన్నా ఎక్కువ చేస్తే +1. 2 నుంచి 10 కిలోల బలం పదేపదే పెడుతుంటే +2. 55 సెకన్లలో ఆరు క్లిప్పులంటే మొదటిది ఖాయం. క్లిప్పు నొక్కే బలం పుష్-పుల్ గేజ్ పెట్టి కొలిస్తే రెండోదీ తేలుతుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి కాగితం మీద వేసి చూశాను. పొడుగు మగ బొమ్మ, ఆ రెండు గడులూ ఖాళీ: 3. అదే బొమ్మ, గడులు నింపితే: 6. 150 అమ్మాయి, గడులు నింపి: 7. రూలాలో 7 కన్నా పైన ఏమీ లేదు. 'వెంటనే మార్చండి' అని దాని అర్థం. వెండర్ అబద్ధం చెప్పాడని అనను. అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

---

సేఫ్టీ_సుబ్బయ్య · మంగళవారం ఉదయం 6:10

బాబూ, నేను సేఫ్టీ ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యాను. మా రోజుల్లో సిమ్యులేషన్ అంటే స్టూల్ వేసుకుని లైన్ పక్కన ఒక షిఫ్టంతా కూర్చోవడమే. ఆ స్టేషన్‌లో చేసే పిల్లల్ని అడిగావా? ఇక్కడికొచ్చి మమ్మల్ని అడిగే ముందు అది చెయ్యాల్సింది.

---

స్టేషన్14 · మంగళవారం మధ్యాహ్నం 2:30

అడగకపోయినా నేను చెప్తాను. మీ ఫ్యాక్టరీ కాదు గానీ ఇలాంటి డోర్ లైన్‌లోనే ఆపరేటర్‌గా చేసి, ఇప్పుడు లైన్ లీడర్‌గా ఉన్నాను.

మేం ఆ ఎత్తుకి ఒట్టి నేల మీద నిలబడి చెయ్యం. విరిగిన ప్యాలెట్ నుంచి పలక తెచ్చి కాళ్ళ కింద వేసుకుంటాం. ఆడిట్ వస్తోందంటే తీసేస్తాం, వెళ్ళగానే మళ్ళీ వేస్తాం. పలక చిన్నది కదా, అడుగు జరపలేం. నడుము తిప్పి పక్కనున్న బిన్ అందుకోవాలి. సాయంత్రానికి భుజం కన్నా నడుమే ఎక్కువ లాగుతుంది. ఎడమ మోచెయ్యి డోర్ అంచుకి ఆనించి, ఆ ఊతతో కుడి చేత్తో నొక్కుతాం. డోర్ ఊగకుండా తుంటితో ఆపుతాం. మీ బొమ్మ ఇవన్నీ చేస్తుందా?

ఇంకొకటి. గ్రోమెట్ గట్టిగా ఉంటే సబ్బు నీళ్ళలో ముంచి దూరుస్తాం. నీళ్ళు అయిపోయిన రోజు బొటనవేళ్ళు వాచిపోతాయి. గ్లవ్స్ వేసుకుంటే జారిపోతుంది, తీసేస్తే సూపర్‌వైజర్ తిడతాడు. చలికాలం పొద్దున షిఫ్టులో రబ్బరు ఇంకా మొండికేస్తుంది.

---

తడ_ఇంజనీర్ · మంగళవారం రాత్రి 8:50

అక్కా, మా లైన్‌లోనూ పలక ఉంది! నేను దాన్ని హౌస్‌కీపింగ్ లోపం అని రాసి తీయించాను కూడా. సబ్బు నీళ్ళ సంగతి వర్క్ ఇన్‌స్ట్రక్షన్‌లో ఎక్కడా లేదు. రేపు వెళ్ళి చూస్తాను.

---

మిషిగన్_మామ · మంగళవారం రాత్రి 11:30

డెట్రాయిట్ పక్కన ఆటో ఇండస్ట్రీలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఇక్కడ మన తెలుగువాళ్ళు సగం మంది ఐటీ, మిగతా సగం మా లాంటి కార్ల బాపతు. కొంచెం చరిత్ర చెప్పనివ్వండి, ఆ బొమ్మ ఎందుకలా ఉంటుందో దాంతో తెలుస్తుంది.

మనిషి బొమ్మని కంప్యూటర్‌లో గీయడం మొదలుపెట్టింది విమానాలవాళ్ళు. 1960లలో బోయింగ్‌లో విలియం ఫెటర్ కాక్‌పిట్‌లో పైలట్‌కి ఏది అందుతుందో చూడటానికి గీత బొమ్మలు వేశాడు. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో సామీ అనే సిస్టమ్ అదే దశాబ్దం చివర్లో మొదలైంది. జాక్ అనే మనిషి బొమ్మ సాఫ్ట్‌వేర్ పుట్టింది పెన్సిల్వేనియా యూనివర్సిటీలో, నార్మన్ బ్యాడ్లర్ ల్యాబ్‌లో. 1996లో ఇక్కడ మా ఆన్ ఆర్బర్‌లోని ట్రాన్సమ్ అనే చిన్న కంపెనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. చేతులు మారి మారి ఇప్పుడు సీమెన్స్ దగ్గరుంది. జర్మనీ కార్ల కంపెనీలు కలిసి ర్యామ్‌సిస్ అనే ఇంకో బొమ్మని చేయించుకున్నాయి, అది డ్రైవర్ సీటు, అద్దాలు, పెడళ్ళ కోసం.

అంటే వీటికి ముందు వచ్చిన ప్రశ్నలు 'అందుతుందా? కనిపిస్తుందా? చెయ్యి పడుతుందా?' అనేవే. వాటికి ఇవి గట్టిగా జవాబిస్తాయి. ఎనిమిది గంటలు చేస్తే ఏమవుతుంది అన్నది తర్వాత అతికించిన ప్రశ్న. రూలా కూడా 1993లో నాటింగ్‌హామ్‌లో మెకాటమ్నీ, కార్లెట్ ఇద్దరూ కాగితం, పెన్సిల్‌తో వేయడానికి చేసిందే. సాఫ్ట్‌వేర్ దాన్ని రంగుల్లో చూపిస్తుంది, అంతే.

అలాగని కొట్టిపారేయకండి. ఫోర్డ్ 2015లో ఒక ప్రకటన చేసింది. కొత్త బండి లైన్‌కి రాకముందే వర్చువల్‌గా పనులన్నీ చేయించి చూడటం, మోషన్ క్యాప్చర్ (మనిషి కదలికల్ని రికార్డు చేయడం), లిఫ్ట్ అసిస్ట్‌లు (బరువెత్తడానికి సాయపడే పరికరాలు) అన్నీ కలిపి 2003 నుంచి ఉద్యోగుల గాయాల రేటు 70 శాతం తగ్గిందని చెప్పుకుంది. ఇందులో బొమ్మ వాటా ఎంత అంటే విడదీసి చెప్పడం కష్టం. కానీ నా అనుభవంలో దీని అసలు విలువ టైమింగ్‌లో ఉంది. టూలింగ్ (అచ్చులు, పనిముట్ల డిజైన్) ఫ్రీజ్ కాకముందు క్లిప్పు చోటు మార్చాలంటే ఒక మీటింగ్ చాలు. ఫ్రీజ్ అయ్యాక డై మార్చాలి. ఆపైన మిగిలేది పలకే.

---

వీఆర్_పిచ్చి · బుధవారం ఉదయం 11:20

హైదరాబాద్‌లో యూనిటీ (గేమ్‌లు, వీఆర్ చేసే సాఫ్ట్‌వేర్) డెవలపర్‌ని. బొమ్మని మౌస్‌తో కదిపే బదులు నిజం మనుషులకే హెడ్‌సెట్ పెట్టి వర్చువల్ స్టేషన్‌లో పని చేయించండి. ఒంటికి సెన్సార్ సూట్ వేస్తే కీళ్ళ కోణాలన్నీ లైవ్‌లో వస్తాయి. మీ ఆపరేటర్లే వచ్చి చేస్తారు, ఎత్తు గొడవే ఉండదు. 2026లో ఇంకా మగ బొమ్మ, ఆడ బొమ్మ అని కొట్టుకోవడం ఏంటి బ్రో?

---

ఫిజియో_వాణి · బుధవారం మధ్యాహ్నం 1:05

ఆలోచన మంచిదే. నేను పారిశ్రామిక గాయాల రీహాబ్ చూస్తాను కాబట్టి రెండు అభ్యంతరాలు చెప్తాను.

హెడ్‌సెట్‌లో మనుషులు దూరాన్ని తక్కువగా అంచనా వేస్తారన్నది చాలా ప్రయోగాల్లో తేలిన విషయమే. అంతకన్నా పెద్దది బరువు. చేతిలో ఉన్నది ప్లాస్టిక్ కంట్రోలర్. బిన్ ఎత్తుతున్నట్టు నటించేటప్పుడు నడుము ఒకలా వంగుతుంది, నిజంగా 14 కిలోలు ఎత్తేటప్పుడు ఇంకోలా. బరువుంటే మనిషి ముందు కాళ్ళు సర్దుకుంటాడు, బిన్‌ని పొట్టకి దగ్గరగా లాక్కుంటాడు, ఊపిరి బిగబడతాడు. వట్టి చేతులతో అవేవీ జరగవు. పైన ఆ అమ్మాయి చెప్పినట్టు మోచెయ్యి ఆనించడం, తుంటితో ఆపడం వీఆర్‌లో కుదరదు. ఆనుకోవడానికి అక్కడ డోరే లేదు కదా, పడిపోతారు.

---

వీఆర్_పిచ్చి · బుధవారం మధ్యాహ్నం 1:40

అందుకేగా మాక్-అప్ పెడతాం మేడమ్. పీవీసీ పైపులు, అట్టపెట్టెలతో డోర్ ఆకారం కట్టి, వర్చువల్ డోర్‌ని సరిగ్గా దాని మీదే కూర్చోబెడతాం. ఆనుకోవచ్చు. బిన్‌లో ఇసుక సంచులు వేస్తాం. ఖర్చు పెద్దగా ఉండదు.

---

జాక్_అండ్_జిల్ · బుధవారం మధ్యాహ్నం 2:10

మాక్-అప్ కడితే నేనూ ఒప్పుకుంటాను. సూట్ల గురించి ఒక జాగ్రత్త. ఎక్స్‌సెన్స్ లాంటి వాటిలో ఒంటికి 17 సెన్సార్లు కడతారు, అవి దిక్కు తెలుసుకోవడానికి అయస్కాంత క్షేత్రం మీద కూడా ఆధారపడతాయి. చుట్టూ ఇనుప ఫిక్చర్లు, మోటార్లు ఉంటే కోణాలు మెల్లగా పక్కకి జారిపోతాయి. షిఫ్ట్ మధ్యలో మళ్ళీ క్యాలిబ్రేట్ చేయకపోతే ఆపరేటర్ నిటారుగా నిలబడినా నడుము తిరిగినట్టు చూపిస్తుంది. కెమెరాలు పెట్టే పద్ధతిలో ఈ బాధ లేదు గానీ డోర్ అడ్డం వచ్చి చెయ్యి కనపడదు.

మౌస్‌తో బొమ్మని కదిపే పద్ధతిలో ఇంకో చిక్కుంది, బయటివాళ్ళకి ఎవరూ చెప్పరు. నేను బొమ్మ చేతిని క్లిప్పు మీద పెడతాను. మిగతా ఒళ్ళు ఎలా ఉండాలో ఇన్వర్స్ కైనమాటిక్స్ లెక్క తేలుస్తుంది. చెయ్యి ఒక్క చోటే ఉన్నా భుజం, మోచెయ్యి, నడుము ఎన్నో రకాలుగా సర్దుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ వాటిలో ఒకటి ఎంచుకుంటుంది. నాకు నచ్చకపోతే పాదాల్ని నాలుగు అంగుళాలు ముందుకి జరుపుతాను, స్కోరు మారిపోతుంది. పసుపుని ఆకుపచ్చ చేయడం చేయి తిరిగినవాడికి రెండు నిమిషాల పని. అందుకే రిపోర్టులో పాదాలు ఎక్కడున్నాయి, కాళ్ళ దగ్గర ఏ అడ్డంకి ఉంది అని అడగండి. చాలా డెమోల్లో బొమ్మ కాళ్ళు కన్వేయర్ ఫ్రేమ్‌లోకి దూరి ఉంటాయి, ఎవరూ గమనించరు.

మిషిగన్ యూనివర్సిటీలో డాన్ చాఫిన్ వాళ్ళు దీనికే నిజం మనుషులు చేతులు చాచే కదలికల్ని రికార్డు చేసి వాటి మీద మోడళ్ళు కట్టారు. స్వీడన్‌లో ఫ్రాన్‌హోఫర్-చామర్స్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. బొమ్మ దేనికీ తగలకుండా, కీళ్ళకి హాయిగా ఉండే దారిని తనే వెతుక్కుంటుంది. రెండూ మౌస్ చేతివాటాన్ని తగ్గించే ప్రయత్నాలే.

---

తడ_ఇంజనీర్ · బుధవారం రాత్రి 9:15

బొమ్మ కాళ్ళు ఫ్రేమ్‌లో ఉన్నాయి!! ఇప్పుడే వీడియో ఆపి చూశాను.

---

సేఫ్టీ_సుబ్బయ్య · గురువారం ఉదయం 6:05

వాణి గారు 14 కిలోల బిన్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. క్లిప్పుల బిన్ ఎక్కణ్ణుంచి ఎత్తుతున్నారు బాబూ? నేల మీది ప్యాలెట్ నుంచేనా?

---

తడ_ఇంజనీర్ · గురువారం ఉదయం 8:30

అవునండీ సుబ్బయ్య గారూ. బిన్ సరిగ్గా 14 కిలోలే. ప్యాలెట్ కింది వరసలో పిడి 20 సెం.మీ. ఎత్తులో ఉంటుంది, ర్యాక్ మీద 100లో పెట్టాలి. ఒళ్ళు నుంచి ముందుకి దాదాపు 50 సెం.మీ. దూరం. మెటీరియల్ కుర్రాడు షిఫ్టంతా నిమిషానికి రెండు చొప్పున ఎత్తుతాడు. దానికీ డెమోలో ఆకుపచ్చే వచ్చింది.

---

సేఫ్టీ_సుబ్బయ్య · గురువారం ఉదయం 10:45

దీనికి బొమ్మ అక్కర్లేదు, క్యాలిక్యులేటర్ చాలు. నియోష్ లిఫ్టింగ్ ఈక్వేషన్ అని అమెరికాలో పని భద్రత చూసే సంస్థది, 1991లో సవరించింది. అన్నీ అనుకూలంగా ఉంటే ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. అక్కణ్ణుంచి ఒక్కో ఇబ్బందికీ కోత.

దూరం 50: 25ని 50తో భాగిస్తే 0.5. అంటే మొదటి దెబ్బకే సగం పోయింది. ఎత్తు 20: నేల నుంచి 75 ఎత్తుకి ఎంత దూరమో చూడాలి, 0.835. ఎత్తే ప్రయాణం 80: 0.876. నిమిషానికి రెండు, షిఫ్టంతా: 0.65. పిడి ఓ మోస్తరు: 0.95. అన్నీ గుణిస్తే 5.2 కిలోలు. మీవాడు ఎత్తుతున్నది 14. సూచిక (ఎత్తేదాన్ని ఆ హద్దుతో భాగిస్తే వచ్చేది) 2.7. ఒకటి దాటితేనే ఆలోచించమంటారు.

ఇప్పుడు ప్యాలెట్ కింద లిఫ్ట్ టేబుల్ పెట్టి పిడిని 75కి తెచ్చారనుకో. ప్రయాణం 25కి తగ్గుతుంది. దూరం 50 అలాగే ఉంటే సూచిక 1.9. ప్యాలెట్‌ని తిప్పుకునేలా చేసి దూరం 30కి తెస్తే 1.1. చూశావా, ఎత్తు సరిచేయడం ఎంత ముఖ్యమో దగ్గరికి లాక్కోవడమూ అంతే ముఖ్యం. మనవాళ్ళు లిఫ్ట్ టేబుల్ కొని ఫొటో దిగి ఊరుకుంటారు.

ఒక హెచ్చరిక. ఈ లెక్క రెండు చేతులతో ఎత్తి దించడానికే. మోసుకుని నడవడానికి, కూర్చుని ఎత్తడానికి, మెట్లెక్కడానికి పనికిరాదు. గుంటూరు మిర్చి యార్డులో వీపు మీద బస్తా వేసుకుని నడిచే హమాలీకి ఇది వేసి ఏదో అంకె చెప్పేవాళ్ళని చూశాను. సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ ఉంది కదా అని నొక్కేస్తారు.

---

ఆలేరు_మగ్గం · గురువారం సాయంత్రం 6:20

మెకానికల్ ఫైనలియర్ సార్. నా ప్రాజెక్టు గురించి అడుగుదామని వచ్చిన. మా ఇంట్ల పోచంపల్లి చీరలు నేస్తరు. మా నాయినమ్మ చేత్తోనే ఆసు పోసేది. అర్ధచంద్రం లెక్క ఉన్న చట్రానికి మేకులుంటయి, దారాన్ని నడిమి మేకు నుంచి ఒక్కో మేకుకు తీస్కపోయి మళ్ళ తేవాలె. ఒక్క చీరకు చెయ్యి దగ్గర దగ్గర 9 వేల సార్లు తిరుగుతది అంటరు. మా దిక్కు చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు మిషిన్ చేసిండు, 1999ల. 2017ల పద్మశ్రీ వచ్చింది.

చేత్తో ఆసు పోసుడును సిమ్యులేషన్ల పెట్టి, మిషిన్‌కు ముందు, మిషిన్ తర్వాత అని చూపిద్దామనుకుంటున్న. కానీ రూలా ఏస్తే మరీ అంత ఎక్కువ రాలే. దారానికి బరువే లేదాయె. మరి అంత నొప్పి ఎందుకొచ్చింది? నేనేం తప్పు చేస్తున్న?

---

ఫిజియో_వాణి · గురువారం రాత్రి 9:00

తమ్ముడూ, నువ్వు చేసింది తప్పు కాదు, పనిముట్టే దానికి తగ్గది కాదు. రూలా ఒక్క క్షణం ఫొటో లాంటిది. నిమిషానికి ఐదుసార్లు చెయ్యి ఆడించినా +1, నలభైసార్లు ఆడించినా అదే +1. మీ నాయనమ్మకి దెబ్బ కొట్టింది కోణం కన్నా లెక్కలేనన్ని సార్లు తిప్పడం, మధ్యలో భుజానికి విశ్రాంతి దొరక్కపోవడం.

ఇలాంటివాటికి ఓక్రా అనే పద్ధతి ఉంది, మిలాన్‌లో ఒక్కిపింటి, కొలంబీని చేశారు. ఐఎస్‌ఓ 11228 అనే అంతర్జాతీయ ప్రమాణం మూడో భాగంలో పేర్కొన్నది దాన్నే. నిమిషానికి ఎన్ని కదలికలు, రోజులో ఎన్ని గంటలు, మధ్యలో విరామాలు ఎలా ఉన్నాయి, అన్నీ అందులోకి వస్తాయి. ముందు వీడియో తీసి చేతి కదలికలు లెక్కపెట్టు.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు పెట్టకు. వీడియోలో కోణాలు కొలవడానికి కినోవియా ఉచితం. ఫోన్ వీడియో నుంచి కీళ్ళ స్థానాలు తీయడానికి మీడియాపైప్ ఉచితం. భుజం కండరాల మీద ఎంత భారం పడుతోందో చూడాలంటే స్టాన్‌ఫర్డ్ వాళ్ళ ఓపెన్‌సిమ్, అదీ ఉచితమే, కానీ నేర్చుకోవడానికి ఓపిక కావాలి. ఒకే కెమెరాతో తీస్తే లోతు సరిగ్గా రాదు, కాబట్టి పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి పెట్టు.

---

ఆలేరు_మగ్గం · గురువారం రాత్రి 9:25

మస్తు థ్యాంక్స్ అక్కా. ఊళ్ళె ఇంకా ఒకరిద్దరు చేత్తో పోస్తున్నరు, అడిగి వీడియో తీస్త.

---

స్టేషన్14 · గురువారం రాత్రి 10:40

వీడియో అన్నారు కాబట్టి నా మాట కూడా వినండి. మా దగ్గర ఒకసారి 'ఎర్గో స్టడీ' అని కెమెరాలు పెట్టారు. అమ్మాయిలంతా సంతోషించారు, పలక బదులు మంచి ప్లాట్‌ఫామ్ వస్తుందని. ఆ తర్వాత వచ్చింది కొత్త టార్గెట్. అదే వీడియో చూసి ఎక్కడ సెకన్లు మిగులుతున్నాయో లెక్కేశారట. అప్పట్నుంచి కెమెరా కనిపిస్తే అందరూ బొమ్మల్లా నిటారుగా నిలబడి మెల్లగా చేస్తారు. ఇంక మీ కొలతలకి ఏం దొరుకుతుంది?

---

మిషిగన్_మామ · శుక్రవారం తెల్లవారుజామున 3:15

అమ్మా, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇది సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. పోశ్చర్ స్కోరిచ్చే ప్యాకేజీలోనే ఎంటీఎం (ఒక్కో కదలికకి ఇంత సమయం అని లెక్కేసే) పద్ధతిలో టైమ్ లెక్క కూడా వస్తుంది. ఒకే కదలికకి రెండు రిపోర్టులు. ఎవరు ఏది ప్రింట్ తీస్తారన్నది వాళ్ళ ఇష్టం. ఇక్కడ మా ప్లాంట్లలో రికార్డింగ్‌కి ముందే యూనియన్‌తో కూర్చుని దీన్ని దేనికి వాడాలో, దేనికి వాడకూడదో రాసుకుంటారు. యూనియన్ లేని చోట కనీసం ఒక కాగితం మీద మేనేజర్ సంతకం ఉండాలి.

తడ బాబూ, నువ్వు రికార్డు చేయబోతున్నావంటే ఈ ముక్క ముందు తేల్చుకో.

---

జాక్_అండ్_జిల్ · శుక్రవారం ఉదయం 9:50

వెండర్‌ని మళ్ళీ రన్ చేయమనేటప్పుడు '5వ పర్సంటైల్ (వందమందిలో ఐదుగురి కన్నా మాత్రమే పొడుగైన) ఆడ బొమ్మ, 95వ పర్సంటైల్ మగ బొమ్మ పెట్టాం, అయిపోయింది' అంటాడు. ఒప్పుకోకండి. 1950లలో అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ 4,063 మంది పైలట్ల కొలతలు తీసి, పది కొలతల్లోనూ సగటు దగ్గరుండేవాడు ఎంతమందో చూశాడు. ఒక్కడూ లేడు. ఎత్తులో పొట్టిగా ఉన్న మనిషి చేతుల పొడవులోనూ పొట్టే అని లేదు. అందుకే ఎత్తు ఒకటే మార్చకుండా పొట్టి చేతుల పొట్టి బొమ్మ, లావుగా ఉన్న పొట్టి బొమ్మ, ఇలా నాలుగైదు పెట్టించండి. పొట్ట అడ్డం వస్తే ముందుకి అందే దూరం ఎంత తగ్గుతుందో ఎవరూ చూడరు.

భారతీయుల కొలతలు కావాలంటే అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (డిజైన్ చదువుల సంస్థ) 1997లో అచ్చేసిన దేబ్‌కుమార్ చక్రబర్తి పట్టికలు ఇప్పటికీ అందరం వాడేవే. అన్నిటికన్నా మంచిది మీ ఆపరేటర్ల కొలతలే. ఎత్తు, భుజం ఎత్తు, మోచేతి ఎత్తు, చెయ్యి చాచిన పొడవు. నాలుగు కొలతలు చాలు, టేపు పట్టుకుని ఆడ సూపర్‌వైజర్ చేత తీయించండి.

---

తడ_ఇంజనీర్ · ఆదివారం సాయంత్రం 5:30

అప్‌డేట్. మేనేజర్ గారితో సంతకం పెట్టించాను: ఈ కొలతలూ వీడియోలూ టార్గెట్‌కి వాడమని, మొహాలు మసకచేస్తామని. అమ్మాయిలు కొలతలు ఇచ్చారు. క్లిప్పు బలం గేజ్‌తో కొలిచాం, 2 కిలోలు దాటే ఉంది. గ్రోమెట్ సబ్బు నీళ్ళతో ఒకలా, పొడిగా ఒకలా వచ్చింది, తేడా చూసి క్వాలిటీవాళ్ళు కూడా ఆశ్చర్యపోయారు. ఇప్పుడు సబ్బు నీళ్ళ గిన్నె అధికారికంగా స్టేషన్ డ్రాయింగ్‌లోకి ఎక్కింది.

వెండర్ మా కొలతలతో మళ్ళీ రన్ చేశాడు. 7. హ్యాంగర్‌ని 15 సెం.మీ. దించుదామంటే డోర్ కింది అంచు కన్వేయర్ సెన్సార్‌కి తగులుతోంది. పైగా పొడుగువాళ్ళు కింది గ్రోమెట్ కోసం మెడ వంచాల్సి వస్తోంది. చివరికి తేలింది ఏంటంటే, పై వరస మూడు క్లిప్పుల్నీ డోర్ హ్యాంగర్ ఎక్కకముందే, టేబుల్ మీద పడుకోబెట్టి ఉన్న స్టేషన్‌లో నొక్కేయొచ్చు. ఆ స్టేషన్‌లో 8 సెకన్లు ఖాళీ ఉంది, మూడు క్లిప్పులకి 9 పడుతున్నాయి. ఆ ఒక్క సెకను కోసం రేపు మీటింగ్.

బిన్ల సంగతి: తిరిగే టేబుల్‌తో లిఫ్ట్ అడిగాం. పర్చేజ్‌వాళ్ళు తిరగనిదానికే కొటేషన్ తెచ్చారు. సుబ్బయ్య గారి లెక్క ప్రింట్ తీసి పంపాను.

---

స్టేషన్14 · ఆదివారం రాత్రి 8:10

టేబుల్ మీద నొక్కేటప్పుడు డోర్ ఏ వైపు తిప్పి పెడతారో చూసుకోండి. అద్దం వైపు మనకి దూరంగా ఉంటే పై క్లిప్పులు టేబుల్ అవతలి అంచుకి పోతాయి, మళ్ళీ వంగి చాచాల్సిందే. ఫిక్చర్‌ని అటుదిటు తిప్పి బిగిస్తే మీ 9 సెకన్లు కూడా తగ్గొచ్చు.

---

తడ_ఇంజనీర్ · ఆదివారం రాత్రి 8:25

అవతలి వైపే ఉందక్కా. రేపు పొద్దున మీటింగ్‌కి ముందే ఫిక్చర్ తిప్పి టైమ్ తీస్తాను.

---

వీఆర్_పిచ్చి · ఆదివారం రాత్రి 9:00

మాక్-అప్ కావాలంటే చెప్పు బ్రో, పీవీసీ పైపులు నావి.

---

సేఫ్టీ_సుబ్బయ్య · సోమవారం ఉదయం 6:00

కొత్త లైన్ సరే. అది నడిచేదాకా పాత లైన్‌లో పలక తీసేశావు కదా, దాని బదులు ఏం పెట్టావు?

---

తడ_ఇంజనీర్ · సోమవారం ఉదయం 7:45

మెయింటెనెన్స్‌లో వెడల్పాటి ప్లాట్‌ఫామ్ వెల్డింగ్ చేయిస్తున్నానండీ, పైన యాంటీ-స్కిడ్ మ్యాట్, రెండు ఎత్తులకి సర్దుకునేలా. బుధవారం ఇస్తామన్నారు. అప్పటిదాకా పలకని నేనే వెనక్కి తెచ్చి పెట్టాను.